ఎడమ నుదురు, మూడు దెబ్బలు

ఫిల్మ్‌నగర్‌లో గాయం కావాలంటే పోచయ్యకే కబురు పెడతారు. హీరోకి బుగ్గలు నునుపు చెయ్యడానికీ, హీరోయిన్‌కి కనుబొమలు దిద్దడానికీ వేరే పెద్దవాళ్లున్నారు. వాళ్లకి గొడుగులూ కుర్చీలూ వెనక నిలబడే మనుషులూ ఉంటారు. పోచయ్యకున్నది ఒక రేకుపెట్టె. అందులో దూది, గమ్ము, రబ్బరు పాలు, గ్లూకోజు పాకంలో ఎర్రరంగూ చిటికెడు కాఫీపొడీ కలిపిన సీసా. పగిలిన తలైనా, చిట్లిన పెదవైనా, వాచిన కన్నైనా అతనికి ఇరవై నిమిషాల పని. ముప్పై ఏళ్లలో ఎన్ని తలలు పగలగొట్టాడో లెక్కలేదు గానీ, చీమకైనా హాని తలపెట్టిన మనిషి కాదు.

ఆ గురువారం పొద్దున జూబ్లీహిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే ఒక బంగళా వెనక, ప్రహరీ గోడ పక్కన స్టూలు వేసి బన్నీని కూర్చోబెట్టుకున్నాడు. బన్నీ అతని చెల్లెలు రాజమ్మ కొడుకు. ఫైటరు. హీరో చేతిలో తన్నులు తిని ఎగిరిపడటం వాడి ఉద్యోగం. నిజానికి ఆ రోజు వాడికి పని లేదు. ఇంకో ఫైటరుకి జ్వరమొచ్చిందని పొద్దున్నే పిలుపొస్తే ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే బండెక్కి వచ్చేశాడు.

పోచయ్య వాడి గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకేసి తిప్పాడు. నుదుటిమీద గమ్ము రాశాడు. దూదిని పొగలాగా పల్చగా పీకి అంటించి, దానిమీద రబ్బరు పాలు పూసి, నోటితో ఊదుతూ ఆరబెట్టాడు. అగ్గిపుల్ల కొనతో మధ్యలో చీల్చేసరికి అంచులు పైకి లేచాయి. లోపల ముదురెరుపు, అంచుల్లో ఊదా, ఆ పైన సీసాలోంచి సన్నటి ధార. అది కనుబొమ దాటి, ముక్కు పక్కనుంచి గదువ దాకా తన దారి తాను వెతుక్కుంది. పోచయ్య దాన్ని ఎప్పుడూ వేలితో నడిపించడు. రక్తానికి దారి మనం చెబితే దొంగరక్తమని చూసేవాడికి తెలిసిపోతుందని అతని నమ్మకం.

బన్నీ మాత్రం నోరు మూసుకుని కూర్చునే రకం కాదు. నిన్నటి గొడవ చెప్పుకొచ్చాడు. షేక్‌పేట దిగువన కొత్తగా లేచిన సాఫ్ట్‌వేర్ ఆఫీసు గేటు ముందు బండి పెట్టాడట. వాచ్‌మన్ తీయమన్నాడట. వీడు తీయలేదు. ఆయన రెండు టైర్లలోనూ గాలి తీసేశాడు. ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. దాన్ని ఎవరో వీడియో తీస్తే వీడు తీసుకెళ్లి 'షేక్‌పేట యూత్' అనే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఫోన్లో నెట్టు ఉచితంగా దొరికిన ఏడాది అది. పనున్నవాడూ లేనివాడూ ఫోన్లోనే ఉన్నారు. రెండువందల నలభైమంది చూశారు. ఆ వాచ్‌మన్ వెంకటాచలం గోదావరి వైపునుంచి వచ్చినవాడు, అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆయన ఎక్కడివాడు, ఎక్కడ ఉంటాడు, ఏం తింటాడు - అంతా రాత్రికి రాత్రే గ్రూపులో తేలిపోయింది.

"మనోళ్లంత గరం మీదున్నరు మామా," అన్నాడు బన్నీ సంతోషంగా.

"గేటు ముంగట బండి పెట్టినోనివి నువ్వు. గరం వాళ్లకెందుకురా?" అని పోచయ్య వాడి చెవి మెలేశాడు, గాయం చెదరకుండా జాగ్రత్తపడుతూనే.

సినిమాలో గాయం ఒక రోజుతో పోయేది కాదు. ఇవాళ పగిలిన తల వచ్చే మంగళవారం కూడా అదే చోట, అంతే పొడవున పగిలి ఉండాలి. దాన్ని కంటిన్యూటీ అంటారు. అందుకని గాయం పూర్తవగానే ఫోటో తీసి యూనిట్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, గుర్తులు రాయాలి. పోచయ్యకి రాయడం రాదు కాబట్టి నోటితో చెప్పి పంపుతాడు. ఆ రోజూ ఫోటో తీసి, ఫోన్ పెదాల దగ్గర పెట్టుకుని, ఎప్పటిలాగే గొంతులో ఏ తొందరా లేకుండా చెప్పాడు.

"బన్నీ. ఎడమ నుదురు, మూడు దెబ్బలు. కంటి దాక చీలింది. రక్తం గదువ దాక కారుతున్నది."

చదువు అంతంతే కనుక గ్రూపుని పేరుతో కాదు, బొమ్మతో గుర్తుపడతాడు. యూనిట్ గ్రూపుకి హీరో బొమ్మ ఉంటుంది. షేక్‌పేట యూత్ కుర్రాళ్లు ఆ హీరోకే వీరభక్తులు కావడంతో వాళ్ల గ్రూపుకీ ఆ బొమ్మే. దానికి అడ్మిన్ పోచయ్య కొడుకు రఘునందన్; తండ్రిని కూడా అందులో కలిపి పెట్టాడు. కళ్లజోడు రేకుపెట్టె మీద ఉంది. వేళ్లకి గమ్ముంది. పోచయ్య పైనున్న హీరోని నొక్కాడు. ఫోటో వెళ్లింది, మాట వెళ్లింది.

వెంటనే ప్రొడక్షన్ మేనేజరు రామకృష్ణ సంచీ పట్టుకుని వచ్చాడు. కిందటి నెల హీరో గెటప్ ఎవరో ఫోన్లో తీసి బయటపెట్టినప్పటినుంచి సెట్లో ఫోన్లుండకూడదు. అందరివీ స్విచాఫ్ చేయించి సంచీలో వేసుకుంటాడు. పోచయ్యకి మాత్రం కంటిన్యూటీ కోసం రెండు నిమిషాలు ఇస్తాడు. ఆ రెండు నిమిషాలూ అయిపోయాయి. ఫోన్ కట్టేసి సంచీలో వేశాడు పోచయ్య.

తర్వాత నాలుగు గంటలు బంగళా హాల్లో కొట్లాట నడిచింది. హీరో కాలు విసిరితే బన్నీ సోఫా మీదుగా గాలిలో తిరిగి అద్దాల బల్ల మీద పడాలి. మొదటిసారి కాలు ఆలస్యమైంది, రెండోసారి బల్ల ముందే పగిలింది, మూడోసారి కెమెరాకి దుమ్ము కనబడలేదు. ఏడోసారికి ఫైట్ మాస్టర్ చప్పట్లు కొట్టాడు. బన్నీ మోచేతికి నిజంగానే చీరుకుపోయింది. అది కెమెరాలో కనబడేది కాదు కనుక పోచయ్య దానికి పట్టీ వేసి, పైన చొక్కా చెయ్యి దించాడు. నుదుటి గాయం మాత్రం చెక్కు చెదరలేదు. పోచయ్యకి తన పని మీద కాస్త గర్వం కూడా కలిగింది.

రెండింటికి భోజనాలు. మధ్యాహ్నం షాట్లకి పొద్దుటి ఫోటోతో సరిచూసుకోవాలని పోచయ్య ఫోన్ అడిగి తీసుకున్నాడు. దాన్ని ఆన్ చేసేసరికి అది చేతిలో కొట్టుకోవడం మొదలుపెట్టి ఎంతకీ ఆగలేదు. రాజమ్మ పందొమ్మిదిసార్లు ఫోన్ చేసింది, రఘునందన్ ఒక్కసారి. గ్రూపులో నాలుగువందల మెసేజులు. పోచయ్య కళ్లజోడు పెట్టుకుని, చదవలేక, గొంతులు మాత్రం విన్నాడు. మొదట రాజమ్మ ఏడుపు. 'అన్నా, నా కొడుకు బతికే ఉన్నడా, ఏ దవాఖాననో ఒక్క మాట చెప్పు.' తర్వాత ఎవరెవరివో కుర్రగొంతులు. నిన్నటి వాచ్‌మనే చేశాడని ఒకడు. పోచయ్య కాకా చేతిలోంచి ఫోన్ కూడా గుంజుకున్నారని ఇంకొకడు. తర్వాత రఘునందన్ గొంతు, తన కొడుకు గొంతు.

"అందరు రెండున్నరకు ఆఫీసు గేటు కాడికి రాండ్రి. బన్నీకి జరిగింది మనకు జరిగినట్టే."

పోచయ్య పైకి జరుపుకుంటూ పోయాడు. ఈ నిప్పు ఎక్కడ రాజుకుందా అని వెతుకుతుంటే చివరికి తన ఫోటోయే తగిలింది. కింద తన గొంతే. ఎడమ నుదురు, మూడు దెబ్బలు.

గ్రూపులో చెప్పబోతే, వచ్చిపడుతున్న మెసేజుల మధ్య ఏది నొక్కాడో తెలియలేదు. కొడుక్కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. సంగతి వినగానే బన్నీ అన్నం విస్తరి వదిలేసి, మామని ఎక్కించుకుని బండి తీశాడు. గేటు దగ్గర రామకృష్ణ అడ్డం వచ్చి, ఇంకా రెండు షాట్లున్నాయి, మేకప్ తీయొద్దు, అరగంటలో రావాలని అరిచాడు. పోచయ్య చెయ్యి అప్పటికే బన్నీ నుదుటిమీదికి వెళ్లింది. ముప్పై ఏళ్ల అలవాటు ఆ చేతిని వెనక్కి లాగింది. ఇరవై నిమిషాల పని, షాట్లు మిగిలున్నాయి, తీయకూడదు. తీయలేదు. ఆ ఒక్క క్షణం గురించి అతను తర్వాత తనని తాను ఎంత తిట్టుకున్నాడో చెప్పడం కష్టం.

కొండ దిగి షేక్‌పేట మలుపు తిరిగేసరికే అరుపులు వినబడ్డాయి. అద్దాల ఆఫీసు ముందు డెబ్భై ఎనభైమంది ఉంటారు. సగంమంది చేతుల్లో ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. మేడమీద అద్దాల వెనక ఆఫీసు పిల్లలూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. కింద చూసేవాళ్లు, పైన చూసేవాళ్లు, మధ్యలో వెంకటాచలం. నీలం యూనిఫారం చొక్కా చిరిగి నడుం దాకా వేలాడుతోంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకున్నాడు. ఒకడు వీపులో తన్నితే ముందుకి పడుతున్నాడు, ఇంకొకడు జుట్టు పట్టుకుని లేపుతున్నాడు. నోటినుంచి కారింది రోడ్డుమీద మట్టిలో కలిసి నల్లబడుతోంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ప్రతివాడూ ఒక్కటే కొట్టి పక్కకి తప్పుకుంటున్నాడు.

బన్నీ బండి పడేసి, "ఆగుండ్రి, నాకేం కాలే" అని అరుస్తూ జనంలోకి దూకాడు.

జనం వెనక్కి తిరిగి చూశారు. వాళ్లకి మాట వినబడలేదు. పగిలిన నుదురూ గదువ దాకా కారిన రక్తమూ కనబడ్డాయి. ఫోటోలో చూసింది ఎదురుగా వచ్చి నిలబడింది. డెబ్భైమంది గొంతుల్లోంచి ఒక్కటే రొద లేచింది. ఎవడో వాచ్‌మన్ లాఠీనే ఎత్తి, ఆయన తలెత్తి బన్నీకేసి చూస్తున్న సమయంలో, మొహం మీద అడ్డంగా కొట్టాడు.

సినిమాల్లో దెబ్బకి పెద్ద చప్పుడుంటుంది. అసలు దెబ్బకి చప్పుడు చాలా తక్కువ. తడిబట్ట బండమీద వేసినంత. పోచయ్య ఆ చప్పుడు విన్నాడు.

అతను బన్నీ జుట్టు పట్టుకుని గోళ్లు దించి ఆ గాయాన్ని నుదుటిమీంచి ఒలిచేశాడు. రబ్బరూ దూదీ ఒక్క పట్టున ఊడి వచ్చాయి. కింద నున్నటి, నిక్షేపంలాంటి నుదురు. ఆ ముక్కని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు. అది అతని వేళ్లలో వేలాడుతూ ఎర్రగా బొట్లు కారుస్తోంది. వాళ్లకి ఇక మాటలు అక్కర్లేకపోయాయి. ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అయిదు నిమిషాల్లో రోడ్డు ఖాళీ అయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పోచయ్య భుజంమీది తుండు తీసి వెంకటాచలం మొహానికి అదిమాడు. తుండు తడుస్తూనే ఉంది. రోడ్డుకి అవతల, పాన్‌డబ్బా పక్కన రఘునందన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో కర్ర లేదు, ఫోన్ ఉంది.

*

శుక్రవారం పొద్దున పోచయ్య కొళాయి దగ్గరికి వెళ్తే ఎదురింటాయన నవ్వుతూ చెయ్యి కలిపాడు. పాలవాడు అతనితో ఫోటో దిగుతానన్నాడు. సంగతేమిటో అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది.

ముందురోజు సాయంత్రం ఆఫీసు పిల్ల ఒకామె వెంకటాచలం మొహం ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టిందట. రెండు గంటలపాటు ఊరంతా అయ్యో అంది, షేక్‌పేట కుర్రాళ్లని తిట్టిపోసింది. ఆ తర్వాత ఇంకో వీడియో వచ్చింది. అందులో కొట్టడం లేదు. జనం గుమిగూడి ఉంటారు, ఒక పెద్దమనిషి కుర్రాడి నుదుటినుంచి గాయాన్ని ఊడబెరికి పైకెత్తుతాడు, ఎవరో నవ్వుతారు. అంతే. దానిమీద ఒక మాట రాసి ఉంది - 'షేక్‌పేటలో దాడి కాదు, సినిమా షూటింగ్.' మూడు లక్షలమంది చూశారు. అయ్యో అన్నవాళ్లే పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వాచ్‌మన్ ఫోటో కిందకి వెళ్లి అదీ మేకప్పేనని రాశారు. ముసలాయన బాగా నటించాడన్నారు. మేకప్‌మన్ చేతికి దండం పెట్టాలన్నారు.

పదింటికి రామకృష్ణ ఫోన్ చేశాడు. డైరెక్టరు చాలా సంతోషంగా ఉన్నాడట. ఎవరడిగినా ఖండించొద్దు, అవుననీ కాదనీ అనొద్దు, సినిమాకి పేరొస్తోంది, తర్వాతి పిక్చరుకి నువ్వే చీఫ్ మేకప్‌మన్‌వి అని చెప్పాడు. ముప్పై ఏళ్లు రేకుపెట్టె మోసినవాడికి చీఫ్ అన్న మాట చెవిలో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. పోచయ్య అంతా విని, ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం బన్నీ వచ్చి గడపలో కూర్చున్నాడు. వాడి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. ఆఫీసుకి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు వెంకటాచలాన్ని పనిలోంచి తీసేశాడని చెప్పాడు. డ్యూటీలో ఉండి షూటింగ్‌లో వేషం వేసినందుకట. స్టేషన్‌లో కేసు కూడా రాయలేదట. షూటింగ్‌కి కేసేమిటన్నారట.

మాదాపూర్ కాల్‌సెంటర్‌లో రాత్రి డ్యూటీ చేసొచ్చే రఘునందన్ అప్పుడే నిద్ర లేచి అన్నానికి కూర్చున్నాడు. పోచయ్య బన్నీని పంపించేసి, కొడుకు ఎదురుగా పీట వేసుకున్నాడు. రెండో వీడియో పెట్టిందెవరని అడగలేదు. ఇంటిదొంగ ఎవరో ఈశ్వరుడికి తెలియకపోవచ్చు గానీ కన్నవాడికి తెలుస్తుంది.

"నిన్న ఫోటో పడంగనే ఏమనుకున్నవ్?"

రఘునందన్ ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. పోచయ్య మళ్లీ అడిగాడు. అది నా చేతి పని అని నీకు ఏ టైముకి తెలిసిందన్నాడు.

"సూడంగనే తెల్సింది నాయినా," అన్నాడు వాడు చివరికి, కంచంలోకి చూస్తూ. "చిన్నప్పటి నుంచి సూస్తున్న. నీ గాయం నాకు తెల్వదా."

పోచయ్య ఆ జవాబు కోసమే అడిగాడు. కానీ అది వస్తుందని అనుకోలేదు. రఘునందన్ కంచం పక్కకి జరిపాడు.

"నీకు ఫోన్ జేసిన. బంద్ ఉండె. అప్పటికే అరవై మెసేజులు పడ్డయి. అది మేకప్ అని టైప్ జేసిన, మళ్ల కొట్టేసిన. అందరు అంత కోపం మీదుంటే నేనొక్కణ్ని సల్లనీళ్లు పోస్తే పిరికోడంటరు. అడ్మిన్‌ని, నేనే మాట్లాడకుంటె ఎట్ల. జర బెదిరిచ్చి వస్తరు, గంతే అనుకున్న. నేనైతే చెయ్యి ఎత్తలే నాయినా. ఒక్క దెబ్బ గూడ కొట్టలే."

వాడు ఏడవలేదు. తప్పు చేసిన పిల్లవాడి మొహం కూడా కాదది. లెక్క సరిగ్గానే వేసినా జవాబు తప్పు వచ్చినవాడి మొహం. పోచయ్యకి వాణ్ని కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. ఆ చెయ్యి గాలిలో ఉండగా నిన్నటి తడిబట్ట చప్పుడు గుర్తొచ్చి, దాన్ని దించుకుని బయటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం స్టేషన్ నుంచి కబురొచ్చింది. ఫోటో పెట్టిన ఆఫీసు పిల్ల పోలీసు పై అధికారులెవరికో ఫిర్యాదు రాసిందట, ఫైలు మూయడానికి మేకప్‌మన్ ఒక వాంగ్మూలం ఇస్తే చాలట. రేపు వచ్చి, మా షూటింగే, గాయాలు నేనే వేశానని రెండు ముక్కలు చెప్పి సంతకం పెట్టాలి. రాజమ్మ అన్న చేతులు పట్టుకుంది. పిల్లల జీవితాలు నీ నోట్లో ఉన్నాయన్నా అంది. వాళ్లలో నీ కొడుకూ ఉన్నాడని వేరే చెప్పలేదు.

*

శనివారం రఘునందనే తండ్రిని బండిమీద ఎక్కించుకున్నాడు. దారిలో చెప్పాల్సిన మాటలు రెండుసార్లు చెప్పాడు. పోచయ్య విన్నాడు. సర్కారు దవాఖాన దగ్గరికి రాగానే ఆపమన్నాడు. రఘునందన్ ఎందుకని అడిగేలోపే తండ్రి లోపలికి నడిచాడు; వాడు బండి స్టాండ్ వేసి దానిమీదే కూర్చుండిపోయాడు.

వార్డులో వెంకటాచలం మంచం గోడవారగా ఉంది. పక్కన స్టూలుమీద ఆయన భార్య శాంత. ఇళ్లలో వంటలు చేసే మనిషి. చేతుల్లో ఇంకా పసుపు మరకలున్నాయి. ఎవరండీ మీరు అని అడిగింది. షూటింగ్ మేకప్‌మన్‌ని అని పోచయ్య చెప్పాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

ఆవిడ అరుస్తుందనుకున్నాడు. శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. ఆవిడ లేచి, కిటికీలో ఉన్న దూది పొట్లమూ నీళ్ల గిన్నే తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మీరు వేసిందేనని ఊరంతా అంటున్నారు గదండీ. పోలీసులూ అదే అన్నారు, కాంట్రాక్టరు గారూ అదే అన్నారు. అయితే మీరే తుడిచెయ్యండి. మా ఆయన్ని ఇంటికి తీసుకుపోతాను."

పోచయ్య దూది అందుకున్నాడు. ముప్పై ఏళ్లుగా దూది పట్టుకున్న చెయ్యి. వెంకటాచలం కుడికన్ను ఉండాల్సిన చోట గాజుగుడ్డ దిండులాగా కట్టి ఉంది. కన్ను తీసేశారని శాంత మామూలుగా చెప్పింది, చాలాసార్లు చెప్పి అలవాటైన మాటలాగా. మిగిలిన మొహం ఒకవైపుకి ఒరిగిపోయి, పసుపూ నలుపూ కలిసిన రంగులో ఉంది. పోచయ్య ఆ రంగుని ఎప్పుడూ కలపలేదు. వాపుని ఎప్పుడూ గుండ్రంగా చేసేవాడు; ఇక్కడ అది ఎటు పడితే అటు పోయింది. చెవి వెనక నర్సు కంటపడని రక్తం ఎండి పెచ్చుకట్టింది. దూది తడిపి దాన్ని మెల్లగా తుడిచాడు. పెచ్చు ఊడింది, కింద కుట్లు కనబడ్డాయి. ఎంత తుడిస్తే అంత నిజం బయటపడింది గానీ తుడుచుకుపోయింది ఏమీ లేదు.

ఆ స్పర్శకి వెంకటాచలం మెలకువలోకి వచ్చాడు. ఉన్న ఒక్క కన్నూ తెరిచి, మనిషిని ఆనవాలు పట్టలేక, దవాఖాన వాడనుకున్నాడు కాబోలు.

"ఆ కుర్రాడికెలా ఉందండీ?" అన్నాడు, మాట సగం పెదవిలోంచే వస్తుండగా. "తలకి బాగా తగిలింది పాపం. నేను చూశాను. గాలి తీశాను గానీ, వాణ్ని నేనేం చెయ్యలేదండీ."

శాంత మొహం తిప్పేసుకుంది. ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదన్నమాట. దెబ్బ పడే ముందు ఆయన చివరిసారి రెండు కళ్లతో చూసింది పోచయ్య చేసిన గాయాన్ని. దాన్ని నమ్మాడు. నమ్మి, జాలిపడ్డాడు.

"మంచిగున్నడయ్యా. వానికేం కాలే," అన్నాడు పోచయ్య. తడిసిన దూదిని గిన్నెలో వేసి బయటికి వచ్చాడు.

*

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ మర్యాదగానే కుర్చీ చూపించాడు. నీ వీడియో మా పిల్లలు పదిసార్లు చూశారయ్యా అన్నాడు. కాగితం తీసి, పైన తేదీ వేసి, అప్పటికే తయారుగా పెట్టుకున్న నాలుగు వరుసలూ చదివి వినిపించాడు. అది సినిమా చిత్రీకరణ, గాయాలు మేకప్పు, ఎవరిమీదా ఎవరికీ ఫిర్యాదు లేదు. రఘునందన్ తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సంతకం రాదు, వేలిముద్ర వేస్తాడని తండ్రి తరఫున వాడే చెప్పాడు.

పోచయ్య వేలు చాపలేదు.

"అది నా పని కాదు సారు. బన్నీ నెత్తిమీదిది నాది. ఆ వాచ్‌మన్ మొహం మీదిది నాది కాదు. అది నిజం దెబ్బ. కన్ను తీసేసిండ్రు."

రఘునందన్ గోడ వదిలి ముందుకి వచ్చాడు. నాయినకి పెద్దవయసు, దవాఖానకి వెళ్లొచ్చి గాబరాపడుతున్నాడని ఏదో అనబోయాడు. హెడ్ కానిస్టేబుల్ వాణ్ని చెయ్యెత్తి ఆపి, కాసేపు పోచయ్యకేసే చూశాడు. ఇరవై ఏళ్ల నౌకరీలో ఇలాంటి మొహాలు ఆయనకి కొత్తకాదు. రాసిన కాగితం మడిచి పక్కన పెట్టి, కొత్త కాగితం తీశాడు. ఎవరు కొట్టారో చూశావా అని అడిగాడు.

కొట్టినోళ్లు చాలామంది, లాఠీ ఎత్తినవాడి మొహం నాకు కనబడలేదని పోచయ్య చెప్పాడు. నాకు తెలిసినవాళ్లు ఇద్దరే అన్నాడు. తప్పు గ్రూపులో ఫోటో పంపినవాడు ఒకడు. అది అబద్ధమని చూడగానే తెలిసి కూడా అందర్నీ గేటు దగ్గరికి రమ్మన్నవాడు ఒకడు. ఆ రమ్మన్న గొంతు నా ఫోన్లో ఉందని, ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు.

"నాయినా," అన్నాడు రఘునందన్. చిన్నప్పుడు చీకట్లో పిలిచినట్టు పిలిచాడు. పోచయ్య వెనక్కి తిరగలేదు. తిరిగితే చెప్పలేనని అతనికి తెలుసు.

హెడ్ కానిస్టేబుల్ కలం తీశాడు. మొదటివాడి పేరు అడిగితే పోచయ్య తన పేరు చెప్పాడు. తండ్రి పేరు లింగయ్య, ఊరు షేక్‌పేట, పని మేకప్. ఆయన అన్నీ నిదానంగా రాసుకుని, కింద రెండు అంకె వేశాడు.

"రెండోవాని పేరు?"

"రఘునందన్."

"తండ్రి పేరు?"

పోచయ్య రెండు చేతులూ బల్లమీద ఆనించుకున్నాడు. గోళ్ల సందుల్లో మొన్నటి ఎర్రరంగు ఇంకా పోలేదు.

"పోచయ్య," అన్నాడు.

కలం ఆగింది. హెడ్ కానిస్టేబుల్ పైన రాసిన పేరు చూసి, తలెత్తి తలుపు దగ్గరున్న కుర్రాణ్ని చూశాడు.

"రాయుండ్రి సారు," అన్నాడు పోచయ్య. "నా కొడుకే."